మామ నేర్చుకున్న ఇస్కూల్

పోయిన ఎండాకాలం సెలవులకు మా మనవరాలు తన కూతుర్ని వెంటబెట్టుకొని మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చి ఇరవై రోజులు ఉంది. ఆ పిల్లకు ఏడేళ్ళు. వచ్చిన రెండో రోజే నా నోరు బాగుచేసే పని పెట్టుకుంది. పొద్దున కాఫీ తాగుతూ నేను ఏదో మాటల్లో "మీ ఇస్కూల్ ఎప్పుడు తెరుస్తరు" అని అడిగాను. పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "ఇస్కూల్ కాదు ముత్తవ్వా, స్కూల్. ఏదీ, అను" అంది. నేను మళ్ళీ ఇస్కూల్ అన్నాను. నా ఎదురుగా కూర్చొని, తన పెదవులు ఎలా పెట్టిందో చూడమని, ఓపికగా పదిసార్లు అనిపించబోయింది. పదిసార్లూ నేను నా మాటే అన్నాను. చివరికి విసిగిపోయి వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, ముత్తవ్వ అస్సలు చదువుకోలేదా?" అని అడిగింది. మనవరాలు నవ్వి, "చదువుకోకపోవుడేంది, ముప్పై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పింది, పెద్ద పంతులమ్మ" అంది. పిల్ల నమ్మలేదు. గుమ్మంలోంచి తల బయటికి పెట్టి నన్నొకసారి చూసి వెళ్ళింది.

ఈ మాటకు నేను నవ్వులపాలు కావడం కొత్త కాదు. నందికొండలో డ్యాం కడుతున్న రోజుల్లో అక్కడి కాలనీ బడిలో నాకు మొదటి ఉద్యోగం. తోటి టీచర్లు చాలామంది కృష్ణకు ఆవలి వైపు వాళ్ళు. నేను ఇస్కూల్ అన్నప్పుడల్లా వాళ్ళ మొహాల్లో నవ్వు మొలిచేది. "లక్ష్మమ్మగారూ, ఆ ముందున్న ఇ వదిలేస్తే మీ జీతంలో ఏమన్నా కోస్తారాండీ?" అని ఒకాయన అడిగేవాడు. "మీరు చివరన తగిలించే ఉ మొదలు వదిలెయ్యుండ్రి సార్, తర్వాత నా సంగతి చూద్దాం" అనేదాన్ని. చెడ్డవాళ్ళేం కాదు, అందరం కలిసే డబ్బాలు విప్పుకొని తినేవాళ్ళం. ఇంగ్లీషు పాఠం చదివేటప్పుడు నేను వాళ్ళకు తీసిపోకుండానే చదివేదాన్ని. స్టేషన్, స్ట్రీట్, స్టోన్, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే పలికేవి. తెలుగులో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ ఒక్క మాట దగ్గర నా నాలుక మొండికేసేది. చేతగాక అనుకున్నారు వాళ్ళు. పౌరుషం అనుకున్నారు మా వాళ్ళు. రెండూ కావు. అసలు కారణం మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఇరవై రోజులూ నా చుట్టూ తిరిగింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

కేతేపల్లికి రెండు కోసుల దూరంలో మా ఊరు. మాది గొర్రెల ఇల్లు. కొద్దిగా చెలక ఉండేది, జొన్న వేసేవాళ్ళం. కాని బతుకంతా మంద చుట్టూనే. మా ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. తడిసిన ఉన్ని, దొడ్డిలో ఎరువు, అవ్వ గొంగళ్ళకు పట్టించడానికి ఉడికించే చింతగింజల గంజి, వీటన్నిటి మీద జొన్నగట్క పొంగే వాసన. అవ్వ అంటే బాపు తల్లి. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా ఆమె చేతిలో కదురు తిరుగుతూనే ఉండేది. మాట్లాడుతూ వడికేది, తిడుతూ వడికేది, ఏడుస్తూ కూడా వడకడం నేను చూశాను. అవ్వ పుట్టిల్లు పాలమూరు దిక్కు. మా వైపు అప్పటికి రైలు లేదు. అవ్వ చిన్నప్పుడు రైలు చూసింది, ఎక్కింది కూడా. అందుకని మా వాడలో ఆమెకొక గౌరవం ఉండేది. రైలు ఆగే చోటును ఆమె టేసన్ అనేది. మా ఊళ్ళో అది చూసిన వాళ్ళు లేరు గనుక అందరం ఆమె వెంట టేసన్ అనే అనేవాళ్ళం. దీపం లాల్‌టీన్. నీళ్ళు తాగేది గిలాస. తినేది పిలేట్. మా ఊరికి ఇంగ్లీషు మాటలన్నీ హైదరాబాద్ మీదుగా, ఉర్దూ నోళ్ళలో నాని వచ్చినవే.

పోలీసు చర్య అయిపోయి, మిలిట్రీ వచ్చి, గడీల మీద పాత జెండా దిగిన తర్వాత సంగతి నేను చెప్పేది. అంతకు ముందు తుపాకులు పట్టుకొని ఊళ్ళ మీద పడ్డవాళ్ళ భయం పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎన్నో రోజులు కాకముందే ఇంకో భయం మొదలైంది. గడీకి వెట్టి చెయ్యొద్దు, పండుగ పండుగకు పొట్టేళ్ళు తోలొద్దు అని మా వాళ్ళకు నేర్పిన సంఘం మనుషులను ఇప్పుడు మిలిట్రీ వెతుకుతోంది. వాళ్ళకు కూడు పెట్టిన ఇంటిని కూడా వదలడం లేదు. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం బాపు మందతోపాటు ఒక మనిషిని తోలుకొచ్చాడు. నెత్తిన గొంగడి కప్పుకొని, ఒక కాలు ఈడుస్తూ నడిచాడు. పిక్కలో తుపాకి దెబ్బ తగిలి చీము పట్టింది. దళం వాళ్ళు మోసుకొని తిరగలేక, కాలు మానే దాకా దాచమని బాపుకు అప్పగించారు. అవ్వ ఆ కాలును చూసింది, ఆ మనిషి మొహం చూసింది. "ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగింది.

"కృష్ణ అవతలమ్మా. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా, గ్లాసు లేకపోయినా ఫరవాలేదు" అన్నాడతను.

అవ్వ బాపు వైపు తిరిగి, "కాలు నేను మాన్పుత కొడుకా. గీ నోరెట్ల మాన్పాలె?" అంది.

ఆమె భయం ఉత్తది కాదు. సడకు పక్కన పెట్టిన క్యాంపులో మిలిట్రీ వాళ్ళకు తోడుగా ఒక జమేదారు ఉండేవాడు. అతనిదీ సర్కారు జిల్లాలే, కృష్ణ అవతలే. మిలిట్రీ వాళ్ళకు తెలుగు రాదు, అతనికి వచ్చు. ఊళ్ళో కొత్త మొహం కనబడితే మాట్లాడించేవాడు. ఏ ఊరని అడిగితే ఎవరైనా అబద్ధం చెప్తారు. అతను ఊరడగడు, వస్తువు చూపించి దీన్నేమంటారని అడుగుతాడు. మా పక్క ఊళ్ళో ఒక మనిషి లాంతరు అన్నందుకు పట్టుబడ్డాడని చెప్పుకున్నారు. అందుకని అవ్వ ఆ మరునాడే ఒక చుట్టరికం కల్పించింది. ఇప్పటి నుంచి ఆయన, పాలమూరులో ఉండే తన తమ్ముని కొడుకు, పేరు నర్సిములు. బాపుకు బావమరిది, నాకు మామ. అసలు పేరు ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఇక మా ఇంట్లో బడి మొదలైంది. పంతులమ్మ అవ్వ. కాలికి పసుపూ ఆకుపసరూ కట్టు కడుతూ, "అను అల్లుడా, లాల్‌టీన్" అనేది. "లాల్‌టీను" అనేవాడు మామ. "తోక ఎందుకు పెడ్తవ్? ఆడ్నే తెంపు." "లాల్‌టీన్." "గిలాస." "గిలాస." "రైలు ఆగే జాగ?" "స్టేషను." అవ్వ కట్టు గట్టిగా బిగించేది, ఆయన అబ్బా అనేవాడు. "మల్ల అను. టేసన్. నువ్వు పాలమూరు పోరనివి, యాది పెట్టుకో." గొర్రెలు కాసేటప్పుడు ఆ పని నాకు అప్పగించారు. నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. ఆయన బండ మీద కాలు చాపుకొని కూర్చుంటే నేను ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే అడిగేదాన్ని. అన్నిటికన్నా ఆయనకు కష్టమైనది ఇస్కూల్. తన ఊళ్ళో పంతులుగా పనిచేసి వచ్చాడట. రోజుకు ఎన్నిసార్లు అని ఉంటాడో ఆ మాట. స్కూలు అని జారిపోయేది. "తప్పు మామా" అని నేను చేతి మీద గడ్డిపోచతో కొట్టేదాన్ని. ఆయన చెయ్యి చాచి బుద్ధిగా కొట్టించుకొని, "ఇస్కూల్, ఇస్కూల్, ఇస్కూల్" అని మూడుసార్లు అనేవాడు.

నేను నేర్పినందుకు బదులుగా ఆయన నాకు అక్షరాలు నేర్పాడు. మా ఇంట్లో ఆడపిల్లకు అక్షరం అనే ఆలోచనే అప్పటికి లేదు. కేతేపల్లిలో బడి ఉండేది కాని అది మగపిల్లలకు, అదీ ఉర్దూలో. మామ పొయ్యిలోంచి బొగ్గు తీసుకొని అరుగు వెనకాల గోడ మీద అ రాశాడు. దాని కింద నన్ను రాయమన్నాడు. అలా గోడంతా నిండేది. పొద్దున లేవగానే అవ్వ తడిగుడ్డతో తుడిచేసేది, మళ్ళీ సాయంత్రానికి నిండేది. "గివి చూసి ఎవడన్న అడిగితే ఏం చెప్తవే?" అని అవ్వ నన్ను నిలదీసింది. బాపు ఆలోచించి, "కేతేపల్లి ఇస్కూల్ల నేర్పిన్రని చెప్పు. ఆడ ఏం చెప్తరో గా క్యాంపోళ్ళకేం ఎరుక" అన్నాడు. అదే నా పాఠం. ఎవరడిగినా ఇస్కూల్ల నేర్పిన్రు. నాకు నోటికి వచ్చేసింది.

అసలు సంగతి ఇక్కడుంది, దాచుకుంటే ఇంత రాసి ఫాయిదా లేదు. మామ మాట నాకు మా మాటకన్నా అందంగా వినబడేది. అక్షరం తెలిసిన మనిషి నోటి నుంచి వచ్చింది గనుక అదే చదువుకున్న వాళ్ళ మాట అని నా మనసులో పడిపోయింది. ఆయనకు ఇస్కూల్ నేర్పుతూనే, మందలో ఒంటరిగా ఉన్నప్పుడు నేను స్కూలు అని అనుకునేదాన్ని. గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకొని దానికి చెప్పేదాన్ని, స్కూలు, స్టేషను, గ్లాసు. ఒకసారి మామ విన్నాడు. నవ్వలేదు. పక్కన కూర్చొని, "నీ మాటకేం తక్కువ లచ్చీ? నేను నేర్చుకోవడం లేదూ? నువ్వు మాత్రం ఇలా అనకు" అన్నాడు. సరేనన్నాను. అన్నాను గాని, ఆ అందం నాలుక మీద నుంచి పోలేదు.

కాలు మానింది. ఇంకో నాలుగు రోజుల్లో దళం వాళ్ళు వచ్చి తీసుకుపోతారని కబురొచ్చింది. అమ్మ ఆయన కోసం జొన్నరొట్టెలు ఎండబెట్టింది. అవ్వ తాను వడికిన ఉన్నితో నేయించిన కొత్త గొంగడికి గంజి పట్టిస్తోంది. ఆ పొద్దు గోడ తుడవలేదు, గంజి చేతులతో ఉంది. అప్పుడే జీపు చప్పుడైంది. ఆరుగురు సిపాయిలు, వాళ్ళ ముందు జమేదారు. ఇస్త్రీ చేసిన బట్టలు, మెరుస్తున్న బూట్లు. వాకిట్లో బాపునూ మామనూ నిలబెట్టాడు. "ఇతనెవరు?" అన్నాడు. అవ్వ గంజి చేతులతోనే ముందుకొచ్చి, "నా తమ్ముని కొడుకు దొరా, పాలమూరు" అంది. జమేదారు మామ దగ్గరికి నడిచి, చూరుకు వేలాడే దీపాన్ని చూపించాడు. మామ "లాల్‌టీన్" అన్నాడు. నీళ్ళ కుండ మీద బోర్లించిన దాన్ని చూపించాడు. "గిలాస." "పాలమూరులో రైలు ఎక్కడ ఆగుతుంది?" "టేసన్ కాడ." తోక లేదు, తడబాటు లేదు. అవ్వ కళ్ళు మూసుకొని తెరవడం నేను చూశాను. జమేదారు తల ఊపి సిపాయిలకు సైగ చేశాడు. వెళ్ళిపోవడానికి తిరిగాడు కూడా.

తిరిగినప్పుడు గోడ కనబడింది. దగ్గరికి వెళ్ళి అక్షరాలను వేలితో తాకి, వేలికంటిన బొగ్గు చూసుకున్నాడు. "ఇవి ఎవరు రాశారు?" అన్నాడు. నేను ముందుకు వచ్చి, "నేనే" అన్నాను. "నువ్వా? భలే. గుండ్రంగా రాశావమ్మా. ఎవరు నేర్పారు?" అని నా ముందు వంగాడు. మెత్తగా అడిగాడు. అతని మాట అచ్చం మామ మాటలాగే ఉంది. అదే సాగదీత, అదే తోక. ఇంత పెద్దమనిషి, ఇంత శుభ్రమైన బట్టలు, నా అక్షరాలను మెచ్చుకున్నాడు. అంతటి మనిషి ముందర ఇస్కూల్ అని మోటుగా అనడానికి నాకు సిగ్గేసింది. గొప్పకు పోయాను. గొంతు సవరించుకొని, "స్కూలు. కేతేపల్లి స్కూలుల నేర్పిన్రు" అన్నాను.

అతను నా మొహంలోకి కాసేపు చూశాడు. "నేనిక్కడికి వచ్చి ఆరేడు నెలలైంది తల్లీ. ముసలివాళ్ళ దగ్గర్నుంచి పిల్లల దాకా ఒక్కరు కూడా ఈ మాట నాలాగా అనలేదు. నువ్వెక్కడ విన్నావు?" అన్నాడు. నాకు అప్పుడు తెలిసింది ఏం చేశానో. నోరు మూసుకున్నాను. కాని కళ్ళను మూసుకోవడం తెలియలేదు. మామ వైపు చూశాను.

మామ పారిపోవాలని చూడలేదు. గొంగడి తీసి అరుగు మీద పెట్టాడు. "వీళ్ళకేం తెలియదండీ. తుపాకి చూపించి, బెదిరించి నేనే ఇక్కడ ఉన్నాను" అన్నాడు, తన మాటలోనే. మా ఇంటికి వచ్చిన రెండు నెలల తర్వాత ఆయన సొంత మాట మా వాకిట్లో గట్టిగా వినబడడం అదే. జమేదారు నమ్మలేదు, బాపును కూడా జీపు ఎక్కించాడు. అవ్వ అడ్డం పడితే ఒక సిపాయి పక్కకు నెట్టాడు. జీపు కదిలేటప్పుడు మామ నా వైపు చూసి తల ఊపాడు. కోపమో, ధైర్యం చెప్పడమో నాకు అర్థం కాలేదు. చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే, రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు బాగుండేది. అవ్వ ఆ గొంగడికి గంజి పట్టించడం పూర్తి చేసి, ఎండబెట్టి, మడిచి అటక మీద పెట్టింది. ఎవర్నీ కప్పుకోనివ్వలేదు. గోడ మీద అక్షరాలను మాత్రం తుడవలేదు. దసరాకు ఇల్లంతా ఎర్రమన్ను పూస్తూ అక్కడికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. చుట్టూ పూసి అంత మేర వదిలేసింది. వానలు వచ్చి వాటంతటవే పోయే దాకా అవి అక్కడే ఉన్నాయి. నేను ఆ మూల నుంచి నడవడం మానేశాను. ఆ మాట నోట రాకుండా చాలా రోజులు బడి అనే అన్నాను. ఆ తర్వాత ఎప్పుడైనా అనాల్సి వస్తే ఇస్కూల్ అనే అన్నాను.

రెండు అమావాస్యలు దాటాక బాపును వదిలిపెట్టారు. చిక్కిపోయి, వీపంతా చారలతో వచ్చాడు. మామ సంగతి అవ్వ అడిగితే, "ఒకనాడు పొద్దుగాల లారీల ఎక్కించుకపోయిన్రు. హైదరాబాద్ జైలన్నరు. మల్ల సూడలే" అన్నాడు. ఆ తర్వాత ఆయన గురించి ఏ కబురూ రాలేదు. ఎవరిని అడుగుతాం, ఏ పేరు చెప్పి అడుగుతాం? బాపు వచ్చిన వారానికే, వీపు మానకముందే, నన్ను భుజం మీద ఎక్కించుకొని కేతేపల్లి నడిచాడు. అప్పుడే అక్కడ తెలుగు చెప్పడం మొదలుపెట్టారు. ఊళ్ళో వాళ్ళు, "గొర్లు కాసే పొల్లకు సదువేందిరా" అని నవ్వినా బాపు ఆగలేదు. నన్ను నా తప్పుకు దూరంగా పంపిస్తున్నాడేమో అనుకున్నాను నేను.

ఇప్పటి సంగతి వేరు. మా మనవరాలి కూతురు, నందికొండలో నన్ను ఆటపట్టించినాయన మనవలు, అందరూ ఒక్కలాగే స్కూల్ అంటున్నారు. ముందు ఇ లేదు, చివర ఉ లేదు. ఎవరిది ఏ జిల్లానో ఆ మాట వింటే తెలియదు. మంచిదే. ఒక మాట పలికినందుకు మనిషిని లారీ ఎక్కించే రోజులు ఆ పిల్లకు రాకూడదు. మా అవ్వ టేసన్ మాత్రం ఆమెతోనే పోయింది, నాకు దిగులే.

బాపు చివరి రోజుల్లో నల్లగొండ దవాఖానలో ఉన్నాడు. నేను సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. ఒక సాయంత్రం దవాఖాన నర్సు మంచం దగ్గరికి వచ్చి, ఈమె మీకేమవుతుంది, ఏం చేస్తుంది అని పలకరించింది. బాపు తల ఎత్తి, "నా బిడ్డ. ఇస్కూల్ల పంతులమ్మ" అన్నాడు, ఎంతో గొప్పగా. ఆమె వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత, "నీకొక మాట చెప్పాలె బిడ్డా. నువ్వు బాధపడ్తవని గిన్నేండ్లు చెప్పలే" అన్నాడు.

"చెప్పు బాపు."

"లారీ ఎక్కిచ్చే రోజు మీ మామ నా చెయ్యి వట్టుకున్నడు. పొల్లను ఏమనకు బావా, పొల్లను ఇస్కూల్ల ఎయ్యి అన్నడు. నాతోని ఒట్టేయించుకున్నడు."

నన్ను భుజం మీద మోసిన ఆ నడక అప్పుడు అర్థమైంది నాకు. వీపు పచ్చిగా ఉండగానే ఎందుకు నడిచాడో అర్థమైంది. కాసేపు ఏడ్చాను. ఏడ్చాక, అడగకుండా ఉండలేక అడిగాను.

"ఎట్లన్నడు బాపు? ఇస్కూల్ అన్నడా?"

"ఇస్కూల్ అనే అన్నడు. మన తీరుగనే. ఇంక దాచేటందుకు ఏమున్నదని ఆడ? అయినా గట్లనే అన్నడు" అన్నాడు బాపు.